తిరుపతిలో ఉంటూ 10 కిలోమీటర్ల పరుగులో మీ పాత టైమును దాటడం ఎలా?

రోజూ తెల్లవారుజామున లేస్తున్నారు, వారానికి ఐదు రోజులు పరుగెత్తుతున్నారు, అయినా 10 కిలోమీటర్ల టైము గంట దగ్గరే ఆగిపోయిందా? తిరుపతిలో, చిత్తూరులో ఇలాంటివారు చాలామందే ఉన్నారు. వాళ్లు కష్టపడటం లేదని ఎవరూ అనలేరు. ఏడాది పొడవునా ఒకే వేగంతో, ప్రతిరోజూ కొంచెం ఆయాసపడుతూ పరుగెత్తడమే అసలు చిక్కు. మే నెలలో మన ఊళ్లో పీబీ (పర్సనల్ బెస్ట్, అంటే ఇప్పటివరకు మీ అత్యుత్తమ టైము) కోసం పాకులాడితే ఒంటికి శిక్ష తప్ప మరేమీ దక్కదు. మన వాతావరణంలో పర్సనల్ బెస్ట్‌కు ఒక కాలం ఉంది. డిసెంబరు, జనవరి, మహా అయితే ఫిబ్రవరి మొదటి సగం. మిగతా నెలలన్నీ దానికి సన్నాహమే. ఈ సంగతి ఒప్పుకుని ఏడాదిని దాని చుట్టూ అమర్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఇప్పుడు 10 కిలోమీటర్లకు 58 నుంచి 60 నిమిషాలు పడుతోంది, 55 నిమిషాలు లక్ష్యం. మీ అంకెలు వేరైతే లెక్క మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి మెట్టు: ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోండి

చల్లని ఉదయం చూసుకుని 5 కిలోమీటర్లు శక్తికొద్దీ పరుగెత్తండి. 400 మీటర్ల ట్రాక్ దొరికితే పన్నెండున్నర చుట్లు. అయితే 400 మీటర్లన్నది అన్నింటికంటే లోపలి లేను లెక్క. ఉదయం పూట లోపలి లేన్లలో నడిచేవారు ఉంటారు, మీరు బయటికి జరగక తప్పదు. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. కాబట్టి లేను మారినకొద్దీ చుట్టుకు దాదాపు 7.67 మీటర్లు పెరుగుతుంది. నాలుగో లేనులో పన్నెండున్నర చుట్లు తిరిగితే మీకు తెలియకుండానే 287 మీటర్లు ఎక్కువ పరుగెత్తినట్టు. టైము చూసి దిగులుపడే ముందు ఈ లెక్క చూసుకోండి.

పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే టైము సుమారు 2.085 రెట్లవుతుంది. 5 కిలోమీటర్లను 28 నిమిషాల్లో ముగిస్తే 10 కిలోమీటర్లకు 58 నిమిషాల 23 సెకన్లు పడుతుందన్నమాట. 55 నిమిషాలు కావాలంటే 5 కిలోమీటర్ల టైము 26 నిమిషాల 23 సెకన్లకు రావాలి. అంటే మీరు సంపాదించాల్సింది 97 సెకన్లు, కిలోమీటరుకు ఇరవై సెకన్ల లోపే. ఇంతవరకు పద్ధతి ప్రకారం శిక్షణ చేయనివారికి ఒక సీజనులో ఇది అందే దూరమే. ఇప్పటికే 50 నిమిషాల లోపు పరుగెత్తుతున్నవారు మాత్రం ఒక నిమిషం తగ్గినా గొప్పగానే భావించాలి.

నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవారు ఈ పరీక్షా పరుగుకు ముందే డాక్టరును కలవండి. ఆడవాళ్లు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మంచిది. రక్తహీనత ఉంటే ఎంత శిక్షణ చేసినా కాళ్లు బరువుగానే ఉంటాయి.

రెండో మెట్టు: రేసును ఎంచుకుని వెనక్కి లెక్కపెట్టండి

పీబీ కోసం పరుగెత్తే రేసుకు మూడు లక్షణాలు ఉండాలి: చల్లదనం, చదునైన దారి, సరిగ్గా కొలిచిన దూరం. మనకు దగ్గరలో జనవరిలో జరిగే చెన్నై మారథాన్‌లోని 10 కిలోమీటర్ల విభాగం ఇందుకు బాగా సరిపోతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న నగరం, రైల్లోనో బస్సులోనో మూడు నాలుగు గంటల ప్రయాణం. ఉక్క కొంత ఉంటుంది, కానీ జనవరి తెల్లవారుజామున అది భరించలేనంత ఉండదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో వస్తుంది. దారి నిండా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు. అనుభవానికి మంచిదే, టైముకు కాదు. బెంగళూరులో 2008 నుంచి జరుగుతున్న వరల్డ్ 10కేలో పోటీ వాతావరణం అద్భుతంగా ఉంటుంది. కానీ నగరం 900 మీటర్ల ఎత్తున ఉంది, పైగా అది వేసవి రేసు. ఈ రెండింటికీ సంతోషంగా వెళ్లండి, గడియారం మీద ఆశ మాత్రం పెట్టుకోకండి.

జనవరి మొదటి వారాల నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు మధ్యకు వస్తారు. అక్కడి నుంచి అసలు శిక్షణ. ఆ పదహారు వారాల్లో మన ఊరికి ఏమేమి వస్తాయో ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ రోజున, అలిపిరి వైపు దారులన్నీ భక్తులతో నిండిపోతాయి. ఆ రోజు విశ్రాంతి. తర్వాత దీపావళి పొగ. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. వాన వల్ల ఒక వారం పరుగు పోతే కంగారు పడకండి. ఏడెనిమిది రోజుల విరామంతో సంపాదించిన దమ్ము పోదు. పోయిన కిలోమీటర్లను మరుసటి వారం కలిపి పరుగెత్తాలని చూస్తేనే పిక్కలు పట్టేస్తాయి.

మూడో మెట్టు: ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు గడియారాన్ని పక్కన పెట్టండి

ఈ మెట్టు మీద అందరికంటే ఎక్కువ తడబడేది మనమే. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటే ఊరిలో రాత్రి కూడా నేల పూర్తిగా చల్లారదు. ఉదయం ఐదింటికే చొక్కా తడిసిపోతుంది. అలాంటప్పుడు ఒంటిని చల్లబరచడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, కాళ్ల కండరాలకు వెళ్లే వాటా తగ్గుతుంది. అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. జనవరిలో కిలోమీటరుకు ఏడు నిమిషాలతో హాయిగా సాగిన పరుగుకు మేలో ఏడున్నర, ఎనిమిది పట్టవచ్చు. అది మీ వెనకబాటు కాదు.

కాబట్టి ఈ కాలంలో వేగాన్ని ఊపిరితో కొలవండి. మా వైపు పరుగుకు పనికొచ్చే కొలత ఒకటుంది. గోవింద నామాలు గొంతెత్తి చదువుతూ పరుగెత్తండి. రెండు నామాలు ఒకే ఊపిరిలో తేలిగ్గా పలికితే మీది సరైన సులువు పరుగు. ప్రతి నామానికీ ఊపిరి అందుకోవాల్సి వస్తే వేగం తగ్గించండి. అలా తగ్గించడానికి అహం అడ్డొస్తుంది, పక్కనుంచి ఎవరో దాటిపోతారు. పోనివ్వండి.

సులువు పరుగుల వల్ల కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి వస్తుంది, ఎముకలు, స్నాయువులు దెబ్బలకు గట్టిపడతాయి. ఇవన్నీ నెలల తరబడి జరిగే పనులు. ఎండకు శరీరం అలవాటు పడటానికి మాత్రం పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. ఆ అలవాటులో భాగంగా రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది. వేసవిలో ఓపికగా, నెమ్మదిగా పరుగెత్తినవారికి చలికాలం రాగానే వేగం తనంతట తానే వచ్చినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. తర్వాతి కొన్ని గంటల్లో ఉప్పు వేసిన మజ్జిగతో, నిమ్మరసంతో మెల్లగా నింపుకోండి. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారని అర్థం, అది కూడా ప్రమాదమే. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, వేడిలో ఒళ్లు జలదరించినా, మాట తడబడినా వెంటనే ఆగి నీడకు చేరి, ఒంటి మీద నీళ్లు పోసుకోండి. మాట తడబడుతుంటే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం వద్దు.

వారానికి పాతిక కిలోమీటర్లతో మొదలుపెట్టి, ప్రతి వారం రెండు మూడు మాత్రమే పెంచుతూ, నాలుగో వారం తగ్గిస్తూ ఆగస్టు చివరికి ముప్ఫై అయిదు చేరితే చాలు.

నాలుగో మెట్టు: పదహారు వారాల అసలు పని

ఉద్యోగం, ఇల్లు చూసుకునేవారికి వారంలో నాలుగు పరుగులు నిలకడగా సాగుతాయి. మంగళవారం వేగం, గురువారం సులువుగా 7 కిలోమీటర్లు, శనివారం సులువుగా 5, ఆదివారం లాంగ్ రన్. శనివారం పరుగు చివర ఇరవై సెకన్ల చొప్పున నాలుగైదు స్ట్రైడ్స్ వేయండి. ఒళ్లు బిగించకుండా, మడమలు తేలిగ్గా లేచేలా వేగం అందుకుని వదిలేయడమే. లాంగ్ రన్‌ను 12 నుంచి మొదలుపెట్టి 16 కిలోమీటర్ల వరకు తీసుకెళ్లండి. దాని వేగం కిలోమీటరుకు ఆరు నిమిషాల యాభై సెకన్ల నుంచి ఏడున్నర నిమిషాల వరకు ఎంతైనా ఫరవాలేదు.

మొదటి ఆరు వారాల మంగళవారాలు టెంపోకు కేటాయించండి. సుమారు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ వేగం టెంపో. గంటలో 10 కిలోమీటర్లు ముగించేవారికి ఇప్పటి 10 కిలోమీటర్ల వేగమూ టెంపో వేగమూ ఒకటే, అంటే మన ఉదాహరణలో కిలోమీటరుకు 5:50. ఆ వేగంతో ఇరవై నిమిషాలు. మొదట్లో పది నిమిషాల చొప్పున రెండు ముక్కలుగా చేసి మధ్యలో రెండు నిమిషాలు నెమ్మదిగా జాగింగ్ చేయండి.

ఏడో వారం నుంచి ట్రాక్ మీదికి రండి. ఒక్క మంగళవారం ఎలా గడవాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే టైము తగ్గేదీ, కాలు దెబ్బతినేదీ ఇక్కడే. పదిహేను నిమిషాలు సులువుగా పరుగెత్తి, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపి, నాలుగు స్ట్రైడ్స్ వేయండి. లేసులు విప్పి మళ్లీ కట్టుకోండి. వేడెక్కిన పాదం కొంచెం ఉబ్బుతుంది, ఇంట్లో కట్టిన ముడి ఇప్పుడు పైపాదాన్ని నొక్కుతుంది. ఇక 800 మీటర్ల చొప్పున ఆరుసార్లు, మధ్యలో రెండున్నర నిమిషాలు నెమ్మదిగా జాగింగ్. మీరు పరుగెత్తాల్సింది ఇవాళ మీకున్న 5 కిలోమీటర్ల వేగంతో. 28 నిమిషాల వారికి 800 మీటర్లు 4 నిమిషాల 28 సెకన్లు. మొదటిది మరీ తేలిక అనిపిస్తుంది, అక్కడే చాలామంది 4:10కి దూకుతారు. ఆగండి. మూడోదానికి ఊపిరి బరువెక్కుతుంది. నాలుగోదాని రెండో చుట్టులో, వెనక వంపు తిరిగేటప్పుడు, భుజాలు చెవుల వైపు లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు చేతులు ఒకసారి కిందికి వదిలేసి, దవడ సడలించి, అడుగుల లయ మాత్రం తగ్గకుండా చూసుకోండి. రేసులో ఏడో కిలోమీటరులో మీకు కావాల్సిన నేర్పు ఇదే. ఆరోది కూడా మొదటిదాని టైముకే వచ్చి, ఇంకొకటి చేయగలను అనిపించినప్పుడు ఆపేయండి. ఆ ఇంకొకటి చేయకండి.

రెండు వారాలకోసారి చుట్టుకు రెండేసి సెకన్లు తగ్గించుకుంటూ పోతే డిసెంబరు చివరికి 800 మీటర్లు 4:13 దగ్గరికి వస్తాయి. 55 నిమిషాలకు కావాల్సిన 5 కిలోమీటర్ల వేగం అదే. లక్ష్యం వేగంతో మొదటి వారమే పరుగెత్తితే శరీరం దానికి సిద్ధంగా ఉండదు. ఇవాళ్టి సత్తాకు తగిన వేగంతో శిక్షణ చేయండి, సత్తా పెరిగినప్పుడు వేగం పెంచండి.

వారంలో రెండు రోజులు ఇంట్లోనే పావుగంట బలానికి పెట్టండి. గుంజీలు, లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచి లేవడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలపడం). మెట్టు అంచున నిలబడి మడమ మెల్లగా కిందికి దించి లేపడం పిక్కలకు ఎంతో మంచిది. వానవారాల్లో ఇదే ప్రధాన శిక్షణ.

మెట్లంటే గుర్తొచ్చింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉండగా వేరే వ్యాయామం ఎందుకని కొందరు అడుగుతారు. భక్తులు ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే దారి అది. అక్కడ స్టాప్‌వాచ్ పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పరుగెత్తడం నాకు సమ్మతం కాదు. మొక్కుతోనో, ఇష్టంతోనో నెలకోసారి నడిచి ఎక్కండి, తొడలకు బలం ఎలాగూ వస్తుంది. దాన్ని ఆ వారం కష్టమైన రోజుగా లెక్కేసుకోండి. దిగేటప్పుడు బస్సు ఎక్కండి. మెట్లు దిగడం వల్ల తొడ ముందు కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, ఆ నొప్పి రెండు మూడు రోజులు వదలదు. రేసుకు ముందు మూడు వారాలు మెట్ల జోలికే పోవద్దు.

అయిదో మెట్టు: ఎక్కడ, ఎవరితో

ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోని చెట్ల నీడ దారులు సులువు పరుగులకు బాగుంటాయి. ఆదివారం లాంగ్ రన్‌కు జూ పార్కు వైపు దారిలో గాలి బాగుంటుంది. చిత్తూరు వాళ్లకు మెసానికల్ మైదానం ఉంది. కాణిపాకం పదకొండు పన్నెండు కిలోమీటర్ల దూరమే కాబట్టి ఆదివారం అటు పరుగెత్తి, దర్శనం చేసుకుని, బస్సులో తిరిగి రావచ్చు. చిత్తూరు తిరుపతి కంటే ఎత్తులో ఉంది, ఉదయాలు కొంచెం చల్లగా ఉంటాయి.

కొండ అంచు దారుల్లో చీకటి ఉండగా ఒంటరిగా పరుగెత్తకండి. ఇది మామూలు హెచ్చరిక అనుకోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. యూనివర్సిటీ పరిసరాల్లోనూ చిరుతలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. వెలుగు వచ్చాక వెళ్లండి, నలుగురితో వెళ్లండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వాటి కళ్లలోకి చూడకండి. రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున పరుగెత్తండి.

నొప్పి విషయంలో ఒక గీత గీసుకోండి. కండరం మొత్తం బరువుగా ఉంటే అది శ్రమ. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడితే, లేదా నొప్పి వల్ల అడుగు తీరు మారితే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చాలి. రేసుకు కొత్త జత కొంటే కనీసం మూడుసార్లు దానితో పరుగెత్తాకే రేసుకు వేసుకోండి.

ఆరో మెట్టు: తిండి, నిద్ర

రోజువారీ తిండిలో పెద్ద మార్పులేవీ అక్కర్లేదు. రాగి సంగటి, పప్పు, గుడ్లు, వేరుశనగలు, పెరుగు శిక్షణ కాలమంతా తినండి. రేసుకు ముందురోజు మాత్రం పీచు, నూనె, కారం తగ్గించండి. సంగటి బదులు తెల్లన్నం, రసం, పెరుగు. రేసు రోజు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, పల్లీ చట్నీ లేకుండా, లేదా ఒక అరటిపండు. అలవాటుంటే కాఫీ తాగవచ్చు. 10 కిలోమీటర్లకు దారిలో తినాల్సిన పని లేదు.

నాలుగున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవాలి. నిద్ర తగ్గించి కిలోమీటర్లు పెంచుకునే బేరం ఎప్పుడూ నష్టమే. ధనుర్మాసంలో గుళ్లలో తిరుప్పావై మొదలయ్యే వేళకు సగం ఊరు లేచే ఉంటుంది, కాబట్టి చివరి వారాల్లో పొద్దున్నే లేవడం అంత భారం అనిపించదు.

ఏడో మెట్టు: చివరి పది రోజులు, రేసు

పది రోజుల ముందు నుంచి మొత్తం దూరాన్ని సగానికి తగ్గించండి, వేగాన్ని మాత్రం వదలకండి. రేసు వారం మంగళవారం 400 మీటర్ల చొప్పున నాలుగు, లక్ష్యం వేగంతో, అంటే 2 నిమిషాల 12 సెకన్లకు ఒకటి. కాళ్లు ఊరికే ఉండలేక ఇంకొంచెం పరుగెత్తమంటాయి. వినకండి.

ముందురోజు మధ్యాహ్నానికే చెన్నై చేరి, బిబ్ (చొక్కాకు తగిలించుకునే రేసు నంబరు) తీసుకుని, నగరం చూడకుండా గదిలో కాళ్లు చాపుకోండి. మెరీనా రేసు తర్వాత చూడవచ్చు.

55 నిమిషాలంటే కిలోమీటరుకు 5:30. మొదటి కిలోమీటరును 5:38కి పరుగెత్తండి. జనం, ఉత్సాహం మిమ్మల్ని 5:10కి లాగుతాయి. అక్కడ లాభపడిన ఇరవై సెకన్లకు చివర్లో ఒక నిమిషం చెల్లించాల్సి వస్తుంది. రెండు నుంచి ఏడు వరకు ప్రతి కిలోమీటరూ 5:30. ఏడో కిలోమీటరు బోర్డు దాటేటప్పటికి 38:38. మిగిలిన మూడింటికి 16 నిమిషాల 18 సెకన్లు, కిలోమీటరుకు 5:26. ముగింపు 54:56.

ఈ లెక్క దారి పక్క బోర్డులది. చేతి గడియారం 10 కిలోమీటర్ల దారిని 10.1గా చూపడం మామూలే. జీపీఎస్‌లో కొంత తేడా ఉంటుంది, మలుపుల్లో మనం బయటి అంచున తిరగడం మరికొంత. గడియారం 5:30 చూపిస్తోందని నిశ్చింతగా ఉంటే అర నిమిషం తేడాతో లక్ష్యం చేజారుతుంది. గడియారంలో 5:26, 5:27 కనిపించాలి. మలుపు ముందే చూసుకుని లోపలి అంచుకు దారి పట్టండి, ఎవరికీ అడ్డు రాకుండా. నీళ్ల బల్లల దగ్గర మొదటిదాన్ని వదిలి చివరి బల్ల దగ్గర అందుకోండి, రెండు గుక్కలు చాలు.

ఏడో కిలోమీటరు తర్వాత మనసు బేరాలాడుతుంది. అప్పుడు దూరం గురించి ఆలోచించకండి, ముందున్న ఒక చొక్కాను ఎంచుకుని దాన్ని చేరండి, తర్వాత ఇంకొకటి. భుజాలు, దవడ, లయ: మంగళవారం ట్రాక్ మీద చేసిందే. పీబీకి మీరు చూసుకోవాల్సింది చిప్ టైము, అంటే ప్రారంభ గీత దాటిన క్షణం నుంచి ముగింపు గీత దాటిన క్షణం వరకు.

ముగించాక పది నిమిషాలు నడవండి. మరుసటి వారం ఒకటి రెండు చిన్న సులువు పరుగులు తప్ప మరేమీ వద్దు. ప్రతి కిలోమీటరు టైము, ముందు రాత్రి నిద్ర, తిన్నది, ఎక్కడ వేగం తగ్గిందో అదే రోజు నోటు పుస్తకంలో రాసుకోండి. 55కి కొద్ది సెకన్ల దూరంలో ఆగితే నాలుగైదు వారాల తర్వాత, ఫిబ్రవరి మధ్యలోపు ఇంకో చదునైన రేసు దొరుకుతుందేమో చూడండి. ఆ మధ్యకాలంలో మూడు మంగళవారాలు 800లు, చివరి వారం మళ్లీ తగ్గింపు. రేసు దొరక్కపోతే ట్రాక్ మీద ఇద్దరు ముగ్గురు మిత్రులను మీతోపాటు ఒకే వేగంతో పరుగెత్తమని అడిగి పాతిక చుట్లు లోపలి లేనులోనే తిరగండి. మార్చి వచ్చిందంటే ఇక వేగం జోలికి పోకుండా మళ్లీ గోవింద నామాల పరుగులకు దిగండి.